మన్రోలప్ప చివరి ప్రయాణం

ఉగాది రోజుల్లో గుత్తి కోట ఎక్కాలంటే చీకటితోనే బయల్దేరాలి. కొండ కింద చల్లగాలి హాయిగా ఉంటుంది. సగం దూరం ఎక్కేసరికి ఎండ చురుక్కుమంటుంది. ఒక్కోరోజు ఉన్నట్టుండి మబ్బేసి నాలుగు చినుకులూ రాలతాయి. కోటకు వెళ్లే దారి మొదట్లోనే పాత ఇంగ్లీషువాళ్ల సమాధులున్నాయి. మన సీమవాళ్లు మన్రోలప్ప అని తమ పిల్లలకు పేరు పెట్టుకున్న దొరను మొదట పాతిపెట్టింది అక్కడే.

థామస్ మన్రో 1761లో స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టాడు. చిన్నప్పుడు తట్టు పోసి చెవులు కాస్త మందగించాయి. ఆటల్లో మాత్రం మహా చురుకు. తండ్రి వ్యాపారం దెబ్బతినడంతో కుంఫిణీ సైన్యంలో చేరి 1780లో మద్రాసు వచ్చాడు.

1800లో నిజాం మన దత్తమండలాలను కుంఫిణీకి ఇచ్చేశాడు. వాటికి మన్రో కలెక్టరయ్యాడు. అనంతపురం కేంద్రంగా ఏడేళ్లు, గుడారాలు వేసుకుంటూ ఊరూరా తిరిగాడు. పొలాలు కొలిపించి, శిస్తు రైతుతోనే నేరుగా తేల్చుకునే పద్ధతి తెచ్చాడు. పాళెగాళ్లను కఠినంగా అణచాడు. శిస్తు కూడా తక్కువేం కాదు. కానీ వానను నమ్ముకున్న ఈ నేలను కళ్లారా చూసినవాడు కదా! 1807లో వెళ్లిపోయేముందు శిస్తు 25 శాతం తగ్గించాలనీ, తరికీ తోటలకీ మరో 8 శాతం తగ్గించాలనీ పైవాళ్లకు రాశాడు. అప్పుడు వాళ్లు వినలేదు. 1820లో తనే మద్రాసు గవర్నరై వచ్చాక ఆ పని చేశాడు.

ఇక ఇంటి సంగతి. యాభై దాటాక, 1814లో జేన్ కాంబెల్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆవిడా ఆయన వెంట మద్రాసు వచ్చింది. పదవి చాలించుకుంటానని ఆయన అడిగితే బర్మా యుద్ధం అడ్డొచ్చింది. ఇంతలో చిన్నకొడుక్కి జబ్బు చేసింది. 1826లో జేన్ ఆ పిల్లాణ్ణి తీసుకుని ఓడెక్కింది. కొత్త గవర్నరు రాగానే ఆయనా వెళ్లిపోవాలి.

ఈలోగా పాత జిల్లాలను చివరిసారి చూడాలని బయల్దేరాడు. గండి దగ్గర పాపఘ్ని నది మీద బంగారు తోరణం ఆయనకు కనిపించిందనీ, అది కనిపించినవాళ్లు ఎక్కువకాలం బతకరనీ కడప వైపు చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, వెంట వచ్చిన సిపాయిల్లో కలరా మొదలైంది. 1827 జూలై 6న పత్తికొండలో ఆయనకూ సోకింది. ఆ రాత్రికే ప్రాణం పోయింది. గుత్తికి తెచ్చి పాతిపెట్టారు. 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి మార్చారు.

తర్వాత గుత్తిలో ఆయన పేర సత్రం కట్టారు. పత్తికొండలో బావి తవ్వించి, తోట వేయించారు. నీళ్లకు కటకటలాడే సీమలో అంతకన్నా మంచి గుర్తు ఏముంటుంది?

ఓడల కాలం అది. కబురు సముద్రం దాటాలంటే నెలలు పట్టేది. అన్నాళ్లూ జేన్ భర్త వస్తాడనే ఎదురుచూసి ఉంటుంది. మీరెప్పుడైనా గుత్తి కొండెక్కితే దిగేటప్పుడు ఆ సమాధుల దగ్గర కాసేపు ఆగండి. దొరతోపాటు ఆ ఇల్లాలినీ తలుచుకోండి.