సర్ జాన్ హేమండు

మేలుజాతి ఆబోతుకై వేలు వెచ్చించి, చూడి ఆవును ఎండుగడ్డికి వదలు భూస్వాములను మే మెఱుగుదుము. అట్టివారు కేంబ్రిడ్జి పశుశాస్త్రజ్ఞుడగు సర్ జాన్ హేమండు చరిత్రము నెఱుగవలెను.

ఆయన 1889లో ఇంగ్లాండునందలి నార్‌ఫోకు మండలమున జన్మించెను. గోవు గర్భధారణమును గూర్చి 1927లో గ్రంథము ప్రకటించెను. 1933లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. మా యెన్నికలో ఆయన కృషికి తలమానికము వాల్టనుతో గలసి 1938లో ప్రకటించిన గుఱ్ఱముల పరీక్షయే. షైరుజాతి గుఱ్ఱము మహాకాయము, షెట్లాండుజాతి గుజ్జురూపు. వీని సహజసంపర్కము దుర్ఘటము గనుక కృత్రిమముగా గర్భములు కల్పించిరి. షైరు గోడిగకు బుట్టిన పిల్ల షెట్లాండు గోడిగకు బుట్టినదానికి సుమారు 3 రెట్లు తూగెను! రెండింట ఉభయజాతుల రక్తమును సరిసగమే. జననకాలపు పరిమాణమును నిర్ణయించినది తల్లిగర్భము. పెరిగి పెద్దవైన పిదపను ఆ వ్యత్యాసము పూర్తిగా మాయలేదు.

ఆబోతు గుణమును హేమండు తృణీకరింపలేదు. 1942లో కేంబ్రిడ్జిలో వెలసిన కృత్రిమ గర్భధారణ కేంద్రమునకు ప్రేరకులలో ఆయన ముఖ్యుడు. కాని పిండము మిక్కిలి పెరుగునది చూలు తుదిభాగముననే. ఆ కాలమున మేత కొఱవడిన గొఱ్ఱెలకు, అందును కవలలను మోయువానికి, పిల్లల బరువును పొదుగున పాలును తగ్గునని ఆయన కడ వాలెస్ జరిపి 1948లో ప్రకటించిన పరీక్షలు చూపెను.

1960లో సర్ బిరుదము నంది, 1964లో హేమండు కీర్తిశేషుడయ్యెను.