ఫుట్‌బాలు గురువు రహీం సాహెబు

భారతదేశపు ఫుట్‌బాలు చరిత్రను తలచుకొన్నప్పుడు ఆటగాండ్ర పేర్లు ముందుగా జ్ఞప్తికి వచ్చును. వారిని ఆటగాండ్రుగా తీర్చిదిద్దిన గురువు పేరు పిమ్మట గాని రాదు. 1951లోను, 1962లోను ఆసియా క్రీడలయందు మన దేశమునకు స్వర్ణపతకములు సంపాదించిపెట్టిన రెండు జట్లకును శిక్షకులు ఒక్కరే. వారు హైదరాబాదు నగరమున బడిపంతులుగా జీవితమును ప్రారంభించిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఒక్క మనుష్యుడు ఓర్పుతో, పద్ధతితో ఎంతటి నిర్మాణము చేయగలడో వారి చరిత్ర తెలుపును. కాపాడువారు కరవైనచో ఆ నిర్మాణము గతి ఏమగునో కూడ ఆ చరిత్రయే తెలుపును.

రహీం 1909వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొని, ఆ విశ్వవిద్యాలయపు జట్టులో ఆడిరి. పట్టభద్రులైన పిమ్మట కాచిగూడ, చాదర్‌ఘాట్ మున్నగు చోట్లగల పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేసిరి. వ్యాయామవిద్యలో డిప్లొమా కూడ పొందిరి. తరగతిలో ఒక్కొక్క విద్యార్థి లోపమును గుర్తించి దిద్దు నేర్పే మైదానములో కూడ వారికి అక్కరకు వచ్చినది.

1940 దశకమున వారు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శులై, కడవరకు ఆ బాధ్యతను వహించిరి. వారి దృష్టి మొదట బాలురపై పడినది. ఆ దినములలో బంతిని కాళ్ల నడుమ త్రిప్పుచు ఇద్దరు ముగ్గురిని ఏమార్చి పోవువాడే గొప్ప ఆటగాడని ప్రజల భావము. చూచుటకు అది వేడుకయే గాని, జట్టునకు దానివలన కలుగు మేలు స్వల్పము. ఈ అలవాటును మాన్పుటకు రహీం పోటీల నియమములనే సాధనముగా చేసికొనిరి. బంతిని తనవద్ద నిలుపుకొని విన్యాసములు చేయరాదు, వెంటనే తోటివానికి అందింపవలెను అను నియమముతో కొన్ని పోటీలు నడపిరి. బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెనను నియమముతో మరికొన్ని పోటీలు పెట్టిరి. ఆటలో పడి బాలురు తెలియకుండగనే రెండు కాళ్లతో ఆడుట, ఒక్క తాకుడుతో బంతిని అందించుట నేర్చుకొనిరి. ఇది బడిపంతులు మాత్రమే ఊహింపగల ఉపాయము.

ప్రతిభ గలవాడు కంటబడినచో వానిని విడుచుట రహీం స్వభావము కాదు. సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం పేద ఇంటి పిల్లవాడు. శిక్షణకై నగరమునకు వచ్చిపోవుటకు అతనికి డబ్బు లేకున్న, రహీం సైకిలు సౌకర్యము కల్పించిరని చెప్పుదురు. ఆ పిల్లవాడే తరువాత రెండు ఒలింపిక్ క్రీడలలో దేశము పక్షమున ఆడెను.

1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టు రహీం చేతికి వచ్చినది. అంతవరకు ఫుట్‌బాలు అనగా కలకత్తా క్లబ్బులదే పేరు. ఈ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్సు కప్పును గెలిచెను. ఢిల్లీలో జరుగుచుండిన డ్యూరాండ్ కప్పును రహీం కాలములో నాలుగు పర్యాయములు గెలిచెను. సంతోష్ ట్రోఫీ పోటీలలో హైదరాబాదు జట్టు 1956-57, 1957-58 సంవత్సరములలో వెంట వెంట విజయము పొందెను.

జాతీయ జట్టు విషయమున వారి ప్రథమ విజయము 1951లో ఢిల్లీ నగరముననే లభించినది. మొట్టమొదటి ఆసియా క్రీడల తుదిపోటీలో మేవాలాల్ చేసిన ఒక్క గోలుతో మనవారు ఇరానును ఓడించిరి. మరుసటి సంవత్సరమే హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10-1 గోళ్ల తేడాతో ఘోరపరాజయము కలిగెను. మనవారిలో పెక్కుమంది వట్టి కాళ్లతో ఆడిరి. అటుపిమ్మట బూట్లు తప్పనిసరి అయ్యెను. రహీం ఆ ఓటమిని పాఠముగా గ్రహించి, ఐరోపా జట్ల వ్యూహములను శ్రద్ధతో పరిశీలించిరి. హంగరీ జట్టువలె మధ్య దాడికారుని కొంత వెనుకకు దించి ఆడించు విధానమును మనవారికి నేర్పిరి.

దాని ఫలము 1956లో మెల్‌బోర్నున కనబడెను. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేయగా, మన జట్టు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాలులో ఉపాంత్య దశ చేరిన మొదటి ఆసియా జట్టు అయ్యెను. చివరకు నాలుగవ స్థానము దక్కెను. 1960లో రోమున ఫ్రాన్సుతో 1-1గా ఆట సమమైనది. ఆ జట్టులో రహీం కుమారుడు హకీం కూడ సభ్యుడు.

1962లో జకార్తాకు పోవునాటికి రహీం క్యాన్సరు వ్యాధిచే బాధపడుచుండిరి. తొలి ఆటలో దక్షిణ కొరియా మనలను 2-0 తేడాతో ఓడించెను. థాయిలాండుతో జరిగిన ఆటలో వెనుకవరుస వీరుడు జర్నయిల్ సింగ్ తలకు గాయమయ్యెను. రహీం అతనిని ఇంటికి పంపలేదు, ముందువరుసలో నిలిపిరి. దక్షిణ వియత్నాముపై 3-2 విజయములో అతడు గోలు చేసెను. ఇంతలో ఇజ్రాయెలు, తైవాను జట్లను ఇండొనీషియా రానీయకపోవుటను భారతీయ క్రీడాధికారి సోంధీ ఆక్షేపించుటచే అచ్చటి ప్రజలు మనపై ఆగ్రహించి యుండిరి. సెప్టెంబరు 4వ తేదీన లక్షమంది ప్రతికూల ప్రేక్షకుల నడుమ తుదిపోటీ జరిగెను. జ్వరమునుండి కోలుకొన్న దీర్ఘకాయుడగు తంగరాజును గోలు కాపలాకు నియమించిరి. మొదటి ఇరువది నిమిషములలోనే పి.కె. బెనర్జీ, జర్నయిల్ సింగ్ చెరియొక గోలు చేసిరి. కొరియా ఒక్కటి మాత్రమే తీర్చగలిగెను.

తొమ్మిది మాసములు గడచినవి. 1963 జూన్ 11వ తేదీన, ఏబదిమూడేండ్ల వయస్సున, రహీం సాహెబు దివంగతులైరి.

ఆసియా క్రీడల ఫుట్‌బాలులో ఆ జకార్తా స్వర్ణము తరువాత మనకు మరొక స్వర్ణము రాలేదు. 1970లో బాంకాకున కాంస్యము లభించినది. దానికి శిక్షకులలో ఒకరు రహీం శిష్యుడైన పి.కె. బెనర్జీయే. ఒలింపిక్ ఫుట్‌బాలులో రోము తరువాత మన జట్టునకు ప్రవేశమే కలుగలేదు. హైదరాబాదు పోలీసు జట్టు కొంతకాలము వెలిగి, క్రమముగా క్షీణించెను. శిక్షకులకిచ్చు ద్రోణాచార్య పురస్కారము 1985లో ఏర్పడునాటికి రహీం పోయి ఇరువదిరెండేండ్లు. 2024లో వారి జీవితముపై హిందీ చలనచిత్రము వచ్చిన పిమ్మట గాని నేటి యువకులలో పెక్కుమందికి ఆ పేరు తెలియలేదు.

రహీం విద్య రహస్యము కాదు; అందరి యెదుట మైదానములలో నేర్పినదే. అయినను వారి పిమ్మట బాలుర పోటీలను అంత శ్రద్ధతో, ఏటేట నడపువారు తగ్గిరి. పతకములు పైకి కనబడు ఫలములు. వాని వేళ్లు వాడలలోని చిన్నపిల్లల ఆటలో నుండెను. వేళ్లకు నీరు పోయుట మానినచో చెట్టు వెంటనే ఎండదు. కొన్ని యేండ్లు పచ్చగనే యుండును. కావుననే ఆ నష్టము ఆలస్యముగా తెలిసినది. ఏ ఊరిలోనైనను ఒక ఉపాధ్యాయుడు సాయంకాలము పిల్లలను ప్రోగుచేసి ఓర్పుతో ఆట నేర్పినచో రహీం సాహెబునకు అంతకు మించిన స్మారకము ఉండదు.