మూడు గంటల్లో గీసిన జెండా

మన బాచుపల్లి క్యాంపస్‌లో ఫెస్ట్ వస్తోందంటే చాలు, లోగో చేసి పెట్టమని డిజైన్ టీమ్ మీద పడతాం. రాత్రికి రాత్రే కావాలంటాం, తెల్లారాక మార్పులు చెబుతాం, చివరికి పోస్టర్ మీద గీసినవాళ్ల పేరే ఉండదు. వందేళ్ల కిందట ఇవన్నీ చూసిన తెలుగాయన ఒకరున్నారు. ఆయనే పింగళి వెంకయ్య.

1876 ఆగస్టు 2న మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. కుర్రాడిగా ఉన్నప్పుడే బ్రిటిష్ సైన్యంలో చేరి బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్లారు. పత్తి సాగు, వజ్రాలు, జపనీస్ భాష... ఏది పట్టుకున్నా అంతు చూసేదాకా వదిలేవారు కాదు. అందుకే జనం ఆయన్ని పత్తి వెంకయ్య, డైమండ్ వెంకయ్య, జపాన్ వెంకయ్య అని పిలిచేవారు.

జెండా విషయంలోనూ అంతే. వేరే దేశాల జెండాలన్నీ పరిశీలించి, 1916లో సుమారు 30 నమూనాలతో ఇంగ్లిష్‌లో ఒక పుస్తకం వేశారు. వాటిలో ఏదీ గాంధీజీ మనసుకు ఎక్కలేదు. 1921లో బెజవాడలో ఏఐసీసీ సమావేశాలు జరుగుతున్నప్పుడు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉండేలా ఒకటి గీయమని గాంధీజీయే అడిగారు. రాట్నం ఆలోచన జలంధర్ వాసి లాలా హంసరాజ్‌ది. వెంకయ్య మూడే మూడు గంటల్లో ఇచ్చేశారు. అన్నేళ్ల కసరత్తు చేతిలో ఉంది కాబట్టే అది కుదిరింది.

అయినా సమావేశం ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైంది. అదీ మంచికే అయింది. ఎరుపు హిందువులకీ, ఆకుపచ్చ ముస్లింలకీ అయితే మిగతావాళ్ల మాటేంటని గాంధీజీకి తట్టి, తెలుపు కూడా చేర్పించారు.

మార్పులు అక్కడితో ఆగలేదు. 1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం తీసి అశోక చక్రం పెట్టింది. అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి అచ్చంగా డిజైన్ పాఠమే. రాట్నానికి ఒక పక్క చక్రం, ఇంకో పక్క కదురు ఉంటాయి. జెండాని వెనకనుంచి చూస్తే బొమ్మ తిరగబడుతుంది. అదే చక్రమైతే ఎటు చూసినా ఒక్కటే.

అలా చివరి జెండా ఒక్కరి గీత కాకుండా పోయింది. మొదటి గీత గీసిన వెంకయ్య మాత్రం 1963 జులై 4న పేదరికంలోనే కన్నుమూశారు. ఆయన పేరిట తపాలా బిళ్ల రావడానికి 2009 దాకా పట్టింది.

మనం అంత ఆలస్యం చేయొద్దు. ఈసారి ఫెస్ట్ పోస్టర్ కింద, చిన్న అక్షరాల్లోనైనా సరే, గీసినవాళ్ల పేరు వేద్దాం.