మళ్ళీ కొలువుకెల్తే ఓడిపోనట్టేనా?

సినిమా ఏసాల కోసం హైదరాబాద్‌లో రెండేళ్ళు తిరిగి, డబ్బులైపోతే మా కురుపాం వచ్చీసినాను. హీరో ఎప్పుడొచ్చినాడని ఊర్లో ఒకటే ఎటకారం. సిగ్గుతో ఇల్లు కదల్లేదు.

అప్పుడే ఎస్వీ రంగారావు గోరి బతుకు తెలిసింది. 1918లో నూజివీడులో పుట్టినారు. కాకినాడలో నాటకాలాడినారు. ఫైర్ ఆఫీసరుగా కొన్నాళ్ళు మన విజయనగరంలోనే చేసినారు. ఆ కొలువు ఒగ్గీసి సినిమాకెల్తే, మొదటి బొమ్మ వరూధిని ఆడలేదు. మరి ఏసాలు రాలేదు. జంషెడ్‌పూర్ టాటా కంపెనీలో ఉద్యోగానికి ఎల్లిపోనారు.

అక్కడితో అయిపోలేదు. కొలువు చేస్తూనే అక్కడి తెలుగోళ్ళతో నాటకాలాడినారు. పిలుపు రాగానే మళ్ళీ మద్రాసెల్లినారు. 1951లో పాతాళభైరవి మాంత్రికుడు, 1957లో మాయాబజార్ ఘటోత్కచుడు. నర్తనశాల కీచకుడికైతే జకార్తా ఫిలిం ఫెస్టివల్‌లో ఉత్తమ నటుడి బహుమతి. 1974లో 56 ఏళ్ళకే పోనారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇల్లు గడవడానికి పనికెల్తే ఓడిపోనట్టు కాదు, ఆట మానీసినప్పుడే ఓడిపోనట్టు. నానిప్పుడు పగలు జీడితోట పనికెల్తన్నాను, రాత్రి ఊరి కుర్రోళ్ళతో నాటకం కడతన్నాను. కాస్త డబ్బు కూడగానే మళ్ళీ బస్సెక్కుతాను.