పదవి చేపట్టడం, పదవి వదులుకోవడం: కట్టమంచి రామలింగారెడ్డి

1942 మార్చి 23న జపాను సైన్యం పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది. సరిగ్గా పద్నాలుగు రోజులకు, ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. బంగాళాఖాతానికి ఆ దరిన ఉన్న దీవులనూ ఈ దరిన ఉన్న రేవునూ ఒకే యుద్ధం చుట్టుముట్టింది. అప్పుడు విశాఖ పక్కన వాల్తేరు కొండమీద ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించవలసి వచ్చింది. ఆ కష్టకాలంలో విశ్వవిద్యాలయాన్ని నడిపించిన ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి. తెలుగువారు ఆయనను సి.ఆర్. రెడ్డిగా ఎరుగుదురు.

బ్రూక్షాబాద్‌లోనూ, పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల ఇతర ప్రాంతాల్లోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలావాటి మూలాలు శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలలో ఉన్నాయి. తమ ప్రాంతానికి ఉన్నత విద్యను చేరువ చేసిన వ్యక్తిగా వారికి ఆయన పేరు పరిచితమే. అయితే ఆ పేరు వెనుక ఉన్న జీవితం తిన్నని బాటలో సాగినది కాదు.

రామలింగారెడ్డి 1880 డిసెంబరు 10న చిత్తూరు సమీపంలోని కట్టమంచి గ్రామంలో జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతున్న రోజుల్లోనే ముసలమ్మ మరణము అనే కావ్యం రచించారు. అనంతపురం జిల్లా బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగకుండా కాపాడేందుకు ప్రాణత్యాగం చేసిన ఒక సామాన్య గృహిణి కథ అది. రాజులను, దేవతలను విడిచి పల్లెపడుచును కావ్యనాయికగా నిలపడం ఆనాటికి కొత్త సంగతి. ప్రభుత్వ విద్యార్థివేతనంతో కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలకు వెళ్లి చరిత్ర చదివారు. వక్తగా పేరు తెచ్చుకుని, అక్కడి విద్యార్థుల చర్చావేదిక అయిన కేంబ్రిడ్జి యూనియన్‌కు ఉపాధ్యక్షునిగా ఎన్నికయ్యారు.

స్వదేశానికి వచ్చిన తరువాత బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ ఆయనను తమ కళాశాలలో నియమించారు. అంతకుముందు అరవింద ఘోష్ పనిచేసిన కళాశాల అది. విద్యావిధానాల అధ్యయనానికై మహారాజు ఆయనను అమెరికాకు కూడా పంపారు. 1909లో రెడ్డి మైసూరు సంస్థాన విద్యాశాఖలో చేరారు. మహారాజా కళాశాలలో ఆచార్యునిగా, 1916 నుంచి ప్రధానాచార్యునిగా పనిచేసి, 1918లో సంస్థానానికి విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమితులయ్యారు. సంస్థానంలోని పాఠశాలలన్నింటి బాగోగులు చూసే అధికారం ఆ పదవిది.

ఆ అధికారాన్ని ఆయన దస్త్రాలకు పరిమితం చేయలేదు. అంటరానివారన్న ముద్రతో బడి గుమ్మం బయటే నిలిపివేసిన కులాల పిల్లలకు ప్రభుత్వ పాఠశాలల తలుపులు తెరవాలని పట్టుబట్టారు. సంప్రదాయ వర్గాల నుంచి వ్యతిరేకత ఎదురైంది. ప్రజల సొమ్ముతో నడిచే బడిలో ప్రజలందరి పిల్లలకూ చోటుండాలన్నది ఆయన పక్షం. వందేళ్లకు పూర్వం ఒక సంస్థానాధికారి ఈ మాటపై నిలబడడం సులభమైన పని కాదు.

1921 నాటికి మైసూరు ఉద్యోగం ముగిసింది. రెడ్డి మద్రాసు రాష్ట్ర రాజకీయాలలో ప్రవేశించి, తొలుత జస్టిస్ పార్టీలో ఉన్నారు. తరువాత ఆ పార్టీ నాయకత్వంతో విభేదించి బయటకు వచ్చారు. 1923 నవంబరులో పానగల్ రాజా మంత్రివర్గంపై శాసనమండలిలో అవిశ్వాస తీర్మానం పెట్టారు. తీర్మానం వీగిపోయింది. ఆ మంత్రివర్గంలో విద్యామంత్రిగా ఉన్న ఎ.పి. పాత్రోయే ఆంధ్ర విశ్వవిద్యాలయ బిల్లును తెచ్చారు. 1926లో విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు తొలి ఉపకులపతి పదవి మాత్రం, మంత్రివర్గాన్ని పడగొట్టజూసిన రెడ్డినే వరించింది.

విశ్వవిద్యాలయం మొదట బెజవాడ కేంద్రంగా పనిచేసింది. సొంత భవనాలు లేవు. కేంద్రం ఎక్కడ ఉండాలన్న దానిపై ఊళ్ల మధ్య, జిల్లాల మధ్య వివాదం తెగలేదు. చివరకు 1930లో వాల్తేరుకు మారింది. సంస్థకు స్థిరమైన నెలవు దొరికిందనుకున్న సమయమది. ఆ ఏడాదే ఉప్పు సత్యాగ్రహం మొదలైంది. ఉద్యమకారులపై ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా రెడ్డి తన పదవికి రాజీనామా చేశారు.

ఆ నిర్ణయపు బరువును ఇప్పుడు సరిగా అంచనా వేయడం కష్టం. సంస్థ వయస్సు నాలుగేళ్లు. వదిలి వెళ్లడమంటే తాను నాటిన మొక్కను ఇతరుల చేతుల్లో పెట్టడమే. ఉండిపోవడమంటే లాఠీదెబ్బలను చూస్తూ ఆ ప్రభుత్వం ఇచ్చిన కుర్చీలో కూర్చోవడమే. ఆయన మొదటిదాన్నే ఎంచుకున్నారు. ఆ మొక్క మంచి చేతుల్లోనే పడింది. 1931లో ఉపకులపతిగా వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఐదేళ్లపాటు సంస్థను పెంచి పోషించారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల విరాళంతో అండగా నిలిచారు.

1936లో రెడ్డి తిరిగి ఉపకులపతి అయ్యారు. ఈసారి పదమూడేళ్లు కొనసాగారు. బాంబుదాడి, గుంటూరు వలస, యుద్ధం ముగిశాక వాల్తేరుకు పునరాగమనం, అన్నీ ఆ కాలంలోనివే. ఆ కాలంలోనే, క్విట్ ఇండియా ఉద్యమం సాగిన 1942లో, బ్రిటిష్ ప్రభుత్వం నుంచి సర్ బిరుదు స్వీకరించారు. 1930లో ప్రభుత్వాన్ని ధిక్కరించి పదవి వదిలిన మనిషి ఈ గౌరవం ఎలా అందుకున్నారన్న ప్రశ్న సహజం. పార్టీలు మార్చారన్న విమర్శ కూడా ఆయనపై ఉన్నదే. వీటిని దాచి చెప్పే జీవితచరిత్ర ఆయనకు న్యాయం చేయదు. ఆయన ఏ పార్టీలోనూ చివరిదాకా ఇమడలేదు. విద్యారంగాన్ని మాత్రం పూర్తిగా విడిచిపెట్టలేదు.

సాహిత్యంలోనూ ఆయనది ఇటువంటి నిర్మొహమాటమే. 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారములో పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని కొత్త కొలతలతో పరిశీలించి, పూర్వకవులను కూడా ప్రశ్నించవచ్చునని చూపారు. ఆధునిక తెలుగు విమర్శకు అది తొలి మెట్లలో ఒకటి. అర్థశాస్త్రాన్ని తెలుగులో చెప్పవచ్చునని స్వయంగా రాసి నిరూపించారు.

ఆయన పెళ్లి చేసుకోలేదు. 1949లో వాల్తేరు విడిచి, మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో ఛాన్సలర్‌గా వెళ్లారు. మూడు దశాబ్దాల కిందట బడి తలుపుల కోసం వాదించిన రాజ్యానికే అది తిరుగు ప్రయాణం. 1951 ఫిబ్రవరి 24న మరణించే నాటికీ ఆ పదవిలోనే ఉన్నారు. ఏలూరులో ఒక కళాశాల, వాల్తేరులో స్నాతకోత్సవ మందిరం ఆయన పేరును నిలుపుకున్నాయి.

ప్రభుత్వం ఇచ్చిన విద్యాపదవులు చేపట్టినవారు ఎందరో ఉన్నారు. అధికారం చేతిలో ఉన్నప్పుడు బడి బయట నిలబడిన పిల్లవాడిని లోపలికి పిలవడం, అంతరాత్మ ఒప్పనప్పుడు అదే అధికారాన్ని వదులుకోవడం, ఈ రెండూ చేసినవారు కొద్దిమందే. రామలింగారెడ్డి తన జీవితంలో ఒక్కోసారైనా ఈ రెండు పనులూ చేశారు. విశాఖ రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడ సాగే దారి సుమారు 1,200 కిలోమీటర్లు. ఆ దారిన దీవులకు చేరి, బిడ్డల చదువును తొలి ఆస్తిగా భావించే తెలుగు కుటుంబాలు గుర్తుంచుకోదగిన జీవితం ఇది.