ఉక్కుపిడికిలి కోడి రామ్మూర్తి నాయుడు

విశాఖపట్నం సాగరతీర మార్గంలో కోడి రామ్మూర్తి నాయుడు విగ్రహం ఉన్నది. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టం ఆయన స్వగ్రామం. బాల్యం నుండి విజయనగరంలో పెరిగి సాము, కుస్తీ అభ్యసించారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలోనే వ్యాయామోపాధ్యాయులైనారు.

తదుపరి సర్కసు నెలకొల్పి దేశవిదేశాలలో ప్రదర్శనలిచ్చారు. చేతులకు గొలుసులతో కట్టిన రెండు మోటారు కార్లు చెరొక దిక్కునకు లాగుచుండగా కదలక నిలుచుట, ఛాతీపై ఏనుగును మోయుట వీటిలో ప్రసిద్ధమైనవి. ఇండియన్ హెర్క్యులిస్, కలియుగ భీముడు అను బిరుదులు ఇందువలననే లభించినవి.

ఏనుగు కథనే జనులు అధికముగా చెప్పుకొందురు. వ్యాయామము నేర్చువారు గమనింపదగినది కార్ల ప్రదర్శన. లాగు బలమును నిలుపుటకు భుజము, వీపు, కాళ్లు ఒక్కటై పనిచేయవలెను. బరువు చేతబట్టి ఎత్తునపుడు సాధారణముగా మొదట సడలునది పిడికిలి. వ్రేళ్లను ముడుచు కండరములు ముంజేతిలో ఉండుటచే, బరువును పట్టి కొంతసేపు నిలిపి ఉంచుట వానికి తగిన సాధన. రేవులో బస్తాలు మోసినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. కుస్తీలో ఎత్తుగడలను 'పట్లు' అనుట ఊరకనే రాలేదు. శ్వాసనియమమునకు రామ్మూర్తి విశేష ప్రాధాన్యమిచ్చెడివారు.

అంతటి బలశాలికి చివరికాలమున ఒక కాలు తొలగింపవలసి వచ్చినది. స్వస్థలమునకు దూరముగా, ఒడిశాలోని బలంగీర్‌లో 1942 జనవరిలో మరణించారు. శ్రీకాకుళంలోని క్రీడామైదానం ఆయన పేరిట ఉన్నది.