సూర్యుని తూకమునకు విశాఖ సాక్షి

అనకాపల్లి మార్కెట్టులో బెల్లపు దిమ్మ బరువు తెలియుటకు త్రాసు చాలును. త్రాసు కెక్కని సూర్యుని తూచుట యెట్లు? దూరమును కొలిచి తూచవలెను. ఆ దూరమును పట్టుటకు లోకమెల్ల యత్నించిన వేళ పాలుపంచుకొన్న మన ప్రాంతమువారు అంకితం వెంకట నరసింగరావుగారు.

వీరు 1827లో జన్మించిరి. వీరి మామగారు గోడే వెంకట జగ్గారావుగారు మదరాసు వేధశాలలో టేలరు దొరయొద్ద ఖగోళశాస్త్రము నభ్యసించి, 1840లో విశాఖపట్టణమున నేటి డాబా గార్డెన్సు ప్రాంతములో సొంత వేధశాలను నెలకొల్పిరి. 1856లో వారు గతించిరి. స్థాపకునితోడనే సంస్థయు అంతరించుట మనకు క్రొత్త కాదు. అట్లు కానీయక, అల్లుడు డిప్యూటీ కలెక్టరు పదవిని విడిచి ఆ భారమును వహించిరి.

1687లో న్యూటను ప్రకటించిన నియమము ననుసరించి, రెండు వస్తువులలో ఒకదాని ద్రవ్యరాశి రెట్టింపైనచో వాని నడిమి ఆకర్షణయు రెట్టింపగును. దూరము రెట్టింపైనచో ఆకర్షణ నాలుగవ వంతునకు, మూడు రెట్లైనచో తొమ్మిదవ వంతునకు తగ్గును. భూమి యెంత దూరమున నుండి యేడాదికొక ప్రదక్షిణము చేయుచున్నదో తెలిసినచో, దానిని లాగి పట్టిన సూర్యుని ద్రవ్యరాశి లెక్కకు చిక్కును. అయితే ఆ లెక్కలో దూరమును మూడుమార్లు హెచ్చింపవలెను. కావున దూరమున నూటికొకపాలు పొరబడినచో, ద్రవ్యరాశిలో నూటికి మూడు పాళ్లు పొరపాటు వచ్చును.

శుక్రుడు సూర్యబింబమున కడ్డముగా నడచుట ఆ దూరమును పట్టుటకు ఆనాడు మేలైన యవకాశము. వేర్వేరు దేశములనుండి చూచువారికి శుక్రుని దారి రవంత భేదముతో గోచరించును. ఆ భేదమునుండి దూరమును గణింతురు. 1868లో బుధుని యిట్టి గమనమును పరిశీలించిన నరసింగరావుగారు, 1874 డిసెంబరు 9న శుక్రుని గమనమును విశాఖనుండి పరిశీలించి, ఆ వివరములను ఖగోళశాస్త్రజ్ఞులకు తెలిపిరి. లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారిని తన సభ్యులలో చేర్చుకొనెను.

1892లో వారు దివంగతులైరి. అనంతరకాలమున రాడారు ఆ దూరమును మరింత నిశితముగా కొలిచినది: అది సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. సూర్యుని ద్రవ్యరాశి భూమికి సుమారు 3,33,000 రెట్లు. ఈ యంకెలను ఏ యొక్కరి కన్నును సాధింపలేదు. ఒక్కొక్క చోట ఒక్కొక్కరు చూచినది చేరగా చేరగా తూకము కుదిరినది. ఫలము తన చేతికి రాదని యెరిగియు, తన వంతు చూపును నిజాయితీతో చేర్చిన వారిలో మన ఉత్తరాంధ్రవారొకరు కలరని మన విద్యార్థు లెరుగవలదా?